మునిగే వల, తేలే వల

లీటరు సముద్రపు నీరు తూచితే 1.025 కిలోలు ఉంటుంది. అంతే ఘనపరిమాణం ఉన్న నైలాను 1.14 కిలోలు తూగుతుంది. పాలిథిలీన్ సుమారు 0.96, పాలీప్రొపిలీన్ 0.91. అంటే నైలాను మునుగుతుంది, తక్కిన రెండూ తేలతాయి. చేప తల దూర్చగానే మొప్పల దగ్గర బిగుసుకునే సన్నదారపు వలలు చాలావరకు నైలానువి. ట్రాలర్లు ఈడ్చే ముతక వలలు, లావుపాటి తాళ్లు ఎక్కువగా మిగతా రెండు రకాలవి. సముద్రంలో తప్పిపోయిన వల ఎక్కడికి చేరుతుంది, దాన్ని ఎవరు, ఎలా తీయాలి అన్నది చాలావరకు ఈ తూకమే తేలుస్తుంది.

తమిళనాడులోని ధర్మపురిలో కూర్చుని సముద్రపు వలల గురించి రాయడమేమిటని అడిగేవాళ్లుంటారు. మాకు సముద్రం లేదు, కావేరి మీది హొగెనక్కల్ ఉంది. ఆ సంగతి చివర్లో చూద్దాం. ముందు తేలే వల వెంట వెళ్దాం.

మాల్దీవుల్లో ట్యూనా చేపల్ని గాలంతో, ఒక్కొక్కటిగా పడతారు. అక్కడి జాలర్లకు పెద్ద వలలతో పని లేదు. అయినా ఆ దీవుల చుట్టూ వల ముక్కలు కుప్పలుగా తేలుతుంటాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో ప్రవాహం పడమటికి సాగుతుంది. భారతదేశం, శ్రీలంక వైపు నుంచి తెగిపోయిన వలలు ఆ ప్రవాహంలో కొట్టుకుపోతాయి. వాటిలో ఎక్కువగా చిక్కుకునేది ఆలివ్ రిడ్లీ తాబేలు. మాల్దీవుల తీరాల్లో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీలు అరుదు. ఒడిశాలోని గహిర్‌మఠ, రుషికుల్య తీరాల్లో లక్షలకొద్దీ, మన ఆంధ్ర తీరంలో అక్కడక్కడా గుడ్లు పెట్టే జాతి అది. వలతోపాటు తాబేలూ కొట్టుకుపోయి, ముందరి రెక్కలు తెగి, పరాయి దేశపు ఆసుపత్రిలో తేలుతుంది. ఈ తాబేళ్ల కోసమే 2013లో మాల్దీవుల్లో ఆలివ్ రిడ్లీ ప్రాజెక్ట్ అనే సంస్థ పుట్టింది. తేలే వలను పట్టడానికి పడవ, కత్తి, ఓపిక ఉంటే చాలు.

మునిగిన వలకు మాత్రం డైవరు కావాలి.

వల ఎలా పోతుందో తెలియకుండా డైవర్ల పని అర్థం కాదు. పాత వలల్ని పనికిరావని సముద్రంలో పారేస్తారని పట్నంలో చాలామంది అనుకుంటారు. అలా పారేసేవి లేవని కాదు. వల బాగుచేసేటప్పుడు కోసేసిన ముక్కలు బోటు పక్కనుంచి నీళ్లలోకి జారిపోవడం మామూలే. కానీ పెద్ద వలల్ని ఎవరూ కావాలని వదులుకోరు. చేపల గుంపును చుట్టుముట్టే రింగు వల ఖరీదు లక్షల్లో ఉంటుంది. అది అప్పు చేసి కొన్న ఆస్తి. అడుగున రాళ్లకో మునిగిన ఓడకో పట్టేసి, ఇంజను ఎంత లాగినా రాకపోతే, బోటు తలకిందులయ్యే ప్రమాదం ముంచుకొస్తే దాన్ని నడిపే సరంగు తాడు కోయమంటాడు. రాత్రిపూట వల వేసి దాని పక్కనే కునుకు తీస్తుంటే ఏదో ట్రాలరు చూసుకోకుండా మీదుగా వెళ్లిపోతుంది, వల రెండు ముక్కలవుతుంది. తుపాను వచ్చిందంటే చెప్పనే అక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు బోట్లే చితికిపోయాయి, వలల లెక్క ఎవరు రాస్తారు? వల పోగొట్టుకున్నవాడు దోషి కంటే ముందు బాధితుడు. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది అదే. ఎందుకో కిందికి వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

ఒకప్పుడు వల పోయినా సముద్రానికి అంత బెడద ఉండేది కాదు. నూలు వలల్ని, జనపనార వలల్ని చెట్ల బెరడు కషాయంలో నానబెట్టి, వేట నుంచి వచ్చాక ఇసుకలో ఆరబెడితేనే నాలుగు కాలాలు నిలిచేవి. నీళ్లలో వదిలేస్తే కొన్ని నెలల్లో కుళ్లిపోయేవి. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోదర్స్ బృందం నైలాను తయారుచేసింది. అది 1950ల తర్వాత మన తీరాలకు చేరింది. కుళ్లదు, తేలిక, నీళ్లలో కంటికి ఆనదు. జాలరికి అది వరమే. అదే వరం చెయ్యి జారి అడుగుకు చేరాక తిరగబడుతుంది.

అడుగున పడ్డ వల వేట మానదు. పైఅంచున బెండ్లు, కిందిఅంచున సీసపు గుండ్లు ఉంటాయి గనక కొంతకాలం గోడలా నిలబడే ఉంటుంది. చేపలు తగులుకుంటాయి, చస్తాయి. ఆ కళేబరాల వాసనకు పీతలు, రొయ్య జాతులు వస్తాయి. అవీ చిక్కుకుంటాయి. వాటిని తినడానికి మరికొన్ని వస్తాయి. ఇది ఎన్నాళ్లు సాగుతుందో చూద్దామని పరిశోధకులు వేల్స్ తీరంలో కావాలని రెండు వలలు వదిలి, డైవర్లను పంపి లెక్కలు తీశారు. ఆ ఫలితాలు 1996లో వెలువడ్డాయి. మొదటి రోజుల్లో చేపలు ఎక్కువగా పడ్డాయి, తర్వాత వేగంగా తగ్గాయి. పీతల జాతివి మాత్రం తొమ్మిది నెలల తర్వాత కూడా పడుతూనే ఉన్నాయి. కాబట్టి పోయిన వల శాశ్వతంగా ఒకే జోరుతో చంపుతూ ఉంటుందనడం అతిశయోక్తి. నాచు పట్టి, బరువెక్కి, చివరికి చాపలా పరుచుకుంటుంది. అప్పుడు చంపడం తగ్గి, కప్పేయడం మొదలవుతుంది. రాళ్లమీద బతికే మెత్తటి పగడాలకూ స్పంజికలకూ వెలుతురు, నీటి కదలిక అందవు. దశాబ్దాల తర్వాత సన్నటి పోగులుగా విడిపోయి సూక్ష్మ ప్లాస్టిక్ అవుతుంది.

ఇక డైవర్ల దగ్గరికి వద్దాం. తెలుగు తీరంలో ఈ పని కనిపించేది విశాఖపట్నంలో. అక్కడి ప్లాటిపస్ ఎస్కేప్స్ అనే స్కూబా సంస్థ డైవర్లు రుషికొండ, ఆర్కే బీచ్ దగ్గరి సముద్రగర్భం నుంచి ప్లాస్టిక్ చెత్తను, దానితోపాటు వల ముక్కలను పైకి తెచ్చారు. పర్యాటకులకు నీటి అడుగు చూపించి బతికేవాళ్లు, ఆ అడుగు బాగుండాలని సొంత సమయం ఖర్చుపెట్టడంలో ఆశ్చర్యం లేదు. వ్యాపారమూ సేవా ఇక్కడ విడదీయరానివి, అందులో తప్పుపట్టాల్సిందీ లేదు. కేరళలో తిరువనంతపురం తీరాన ఫ్రెండ్స్ ఆఫ్ మెరైన్ లైఫ్ అనే బృందం ఉంది. దాన్ని నడిపే రాబర్ట్ పనిపిళ్ల మత్స్యకార కుటుంబం నుంచి వచ్చినవారే. అడుగున రాళ్ల చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో తీరపు పెద్దలకు తెలిసిన వివరాల ఆధారంగా దిగి చూసి, చిత్రాలు తీసి, అక్కడ పేరుకున్న వలల్ని తొలగించారు. చెన్నైలో 2002లో సుప్రజా ధారిణి మొదలుపెట్టిన ట్రీ ఫౌండేషన్ తాబేళ్ల రక్షణతోపాటు వదిలేసిన వలల సేకరణనూ మత్స్యకార యువకులతోనే చేయిస్తోంది. ప్రపంచంలో పేరున్న ఘోస్ట్ డైవింగ్ బృందం నెదర్లాండ్స్‌లో, ఉత్తర సముద్రంలోని మునిగిన ఓడల దగ్గర 2009లో పని ప్రారంభించింది.

ఈ పని కష్టమంతా లెక్కల్లో ఉంది. ఓపిగ్గా ఒకసారి వేసి చూద్దాం. మామూలు స్కూబా సిలిండరు 12 లీటర్లది, 200 బార్ల ఒత్తిడితో నింపితే 2,400 లీటర్ల గాలి. అందులో 50 బార్లు ప్రాణం కోసం అట్టిపెట్టుకోవాలి, అంటే వాడుకోదగ్గది 1,800 లీటర్లు. ఒడ్డున నింపాదిగా ఉన్న మనిషికి నిమిషానికి 20 లీటర్లు చాలనుకుందాం. నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం కలుస్తుంది. 20 మీటర్ల దిగువన పీడనం మూడు రెట్లు, గాలి ఖర్చూ మూడు రెట్లు. నిమిషానికి 60 లీటర్లు. అంటే అరగంట. కానీ అక్కడ డైవరు చేతులు కట్టుకుని కూర్చోడు, వల కోస్తుంటాడు. శ్రమకు ఊపిరి ఎక్కువవుతుంది, నిమిషానికి 90 లీటర్లయినా ఆశ్చర్యం లేదు. చేతిలో ఉన్నది ఇరవై నిమిషాలు. అందులోనే దిగడం, వెతకడం, కోయడం, మూట కట్టడం, మెల్లగా పైకి రావడం. పైకి వస్తూ 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతారు. తొందరపడితే రక్తంలో కరిగిన నత్రజని బుడగలై కీళ్లలో, కొన్నిసార్లు వెన్నులో తిష్ఠ వేస్తుంది.

ఇంకో లెక్క మరీ చిత్రంగా ఉంటుంది. వంద కిలోల పొడి నైలాను వల నీటి అడుగున ఎంత తూగుతుంది? సుమారు పది కిలోలే. నీళ్లకూ దానికీ సాంద్రతలో తేడా అంతే. అందుకే మొదటిసారి దిగినవాళ్లు దాన్ని చేత్తో లాగేయొచ్చనుకుంటారు. నీటి అంచు దాటి బోటులోకి ఎత్తేటప్పుడు వంద కిలోలు వంద కిలోలూ తిరిగొస్తాయి, పైగా బురద, గవ్వలు, పట్టి ఉన్న నీరు. బోటు అంచున నలుగురు వంగి లాగుతుంటే బోటు ఒరుగుతుంది. ప్రమాదం అడుగునే కాదు, పైనా ఉంటుంది.

పైకి తేవడానికి గాలి సంచులు కడతారు. 50 లీటర్ల సంచి నిండితే 50 కిలోల పైచిలుకు బరువును ఎత్తుతుంది. దాంతోనూ ఒక చిక్కుంది. 20 మీటర్ల దగ్గర 20 లీటర్ల గాలి ఊదితే, అది పైకి వస్తున్నకొద్దీ ఉబ్బి 60 లీటర్లవుతుంది. సంచి వేగం పుంజుకుని రాకెట్లా దూసుకుపోతుంది. దారిలో డైవరుండి, ఏ పోగో అతని రెగ్యులేటరుకో ఫిన్నుకో తగిలి ఉంటే అతన్నీ లాక్కుపోతుంది. అందుకే సంచికి గాలి వదిలే మూత ఉంటుంది. దాన్ని చూసుకునే మనిషి వేరు, కోసే మనిషి వేరు. ప్రతి డైవరు దగ్గరా కనీసం రెండు కోత పనిముట్లు ఉంటాయి. ఒక చేతికి వల చుట్టుకుంటే రెండో చేతికి అందేలా ఒకటి ఛాతీ దగ్గర, ఇంకొకటి కాలికి. వెనక సిలిండరు వాల్వుకు తగులుకున్న పోగు తనకు కనబడదు, జోడీ డైవరే తీయాలి. నీరు కలకబారిందంటే ఎదుటి వల మీటరు దూరంలో ఉన్నా కనబడదు. బంగాళాఖాతంలో వరదనీటి కాలం అలాగే ఉంటుంది. అలాంటి రోజున దిగకపోవడమే పనితనం.

దిగినవాడు మొదట చూసేది ఇంకా ప్రాణంతో ఉన్నవాటిని. పీతల కాళ్లు విరగకుండా వల కన్నులు ఒక్కొక్కటీ కోసి వదలాలి. తర్వాత రాతికి అంటుకున్న భాగాలు. అన్నిటినీ పీకేయాలన్న ఉబలాటం పనికిరాదు. ఏళ్లుగా పడి ఉన్న వలమీద పగడం పెరిగి, వలా రాయీ ఒక్కటైపోయి ఉంటే దాన్ని లాగడం మేలుకన్నా కీడు. వదులుగా ఊగుతున్నంత మేరకే కోసి తక్కినది వదిలేస్తారు. ఈ తీర్పు ఎవరో ఒకరు అక్కడికక్కడ చేయాలి, గాలి అయిపోతుంటే. పైకి వచ్చాక ఫొటోలో కనిపించే వల కుప్ప ఎంత పెద్దదన్నది ఈ పనికి కొలమానం కాదని నేననుకోవడానికి కారణం ఇదే.

మరి మొత్తం మీద ఎంత వల పోతోంది? ఏటా 6,40,000 టన్నులన్న అంకె పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. దాన్ని నమ్మకండి. ఆ అంకెకు మూలం వెతికితే 1975 నాటి అమెరికా అంచనా ఒకటి తేలుతుంది. సముద్రంలో చేరే చెత్త 64 లక్షల టన్నులని దానిలో ఉంది. అందులో పదో వంతు వలలై ఉండొచ్చని తర్వాత ఎవరో అన్నారు. 2009లో ఐక్యరాజ్యసమితి నివేదిక చేరదీశాక అది స్థిరపడిపోయింది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2021లో దీన్ని విప్పి చూపారు. మరుసటి ఏడు వాళ్లే ఏడు దేశాల్లో 451 మంది జాలర్లను నేరుగా అడిగి కొత్త లెక్క కట్టారు. దాని ప్రకారం వాడే సరంజామాలో ఏటా సుమారు 2 శాతం సముద్రంపాలవుతోంది. మొప్పలకు పట్టే వలలే 2,963 చదరపు కిలోమీటర్లు. ధర్మపురి జిల్లా వైశాల్యం 4,497 చదరపు కిలోమీటర్లు. ఒక్క ఏడాదిలో పోయే ఆ వలల్ని పరిస్తే పెన్నాగరం, పాలక్కోడు, హరూరు కొండలతో సహా జిల్లాలో మూడింట రెండు వంతులు కప్పేస్తాయి. చేపల గుంపును చుట్టుముట్టే పెద్ద వలలు 75,049 చదరపు కిలోమీటర్లు. అది తమిళనాడులో సగం కంటే ఎక్కువ.

ఇరవై నిమిషాల గాలితో దిగే స్వచ్ఛంద డైవరును ఈ అంకెల పక్కన నిలబెట్టి చూడండి. అతను సముద్రాన్ని శుభ్రం చేయలేడు. ఆ మాట అతనికీ తెలుసు. అతను చేయగలిగిందల్లా తాబేళ్లు తిరిగే ఫలానా రాళ్ల గుట్టని, చేపలు గుడ్లు పెట్టే ఫలానా ఓడ శిథిలాన్ని కాపాడటం. సరైన చోట దిగాలంటే వల ఎక్కడ పోయిందో తెలియాలి. ఆ సంగతి తెలిసింది ఒక్కడికే, తాడు కోసిన సరంగుకు. అతన్ని దోషిగా చూసినంతకాలం అతను చెప్పడు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ప్యూజెట్ సౌండ్ అనే అఖాతముంది. అక్కడ నార్త్‌వెస్ట్ స్ట్రెయిట్స్ ఫౌండేషన్ 2002 నుంచి 5,800కు పైగా వలల్ని తీయించింది. దిగేది ఔత్సాహికులు కాదు, పైనుంచి గొట్టం ద్వారా గాలి అందుకుంటూ పనిచేసే వృత్తి డైవర్లు. 105 అడుగుల లోతు దాటితే వాళ్లను పంపరు. అక్కడ అన్నిటికంటే అక్కరకొచ్చింది వల పోయిందని చెప్పినవాడికి జరిమానా వేయకపోవడం. ఫోను చేసి చోటు చెబితే చాలు. మన తీరంలోనూ ఇలాంటి నమ్మకానికి ఆనవాళ్లున్నాయి. 2021 డిసెంబరులో విశాఖ జిల్లా తంతడి తీరంలో భారీ వేల్ షార్క్ ఒకటి వలలో పడింది. అటవీ శాఖ, మత్స్యకారులు కలిసి దాన్ని సముద్రంలోకి పంపేశారు. దెబ్బతిన్న వలకు పరిహారం ఇస్తామని అధికారులు చెప్పారు. గుజరాత్‌లో వేల్ షార్కును వదలడానికి వల కోసుకున్నవారికి అలా ఏళ్లుగా చెల్లిస్తున్నారు. చేపను వదిలితే డబ్బిచ్చే ప్రభుత్వం, పోయిన వల జాడ చెబితే ఎందుకివ్వకూడదు?

వల ఒడ్డుకు చేరాక కథ ముగిసిందనుకుంటారు గానీ, అసలు విసుగు అక్కడే. ఉప్పు, ఇసుక, సీసం, కుళ్లిన మాంసం, మూడు రకాల ప్లాస్టిక్ కలిసిన ముద్ద అది. విడదీయడానికి గంటల కొద్దీ చేతిపని. శుభ్రమైన నైలాను 6 దొరికితే దాన్ని మూలరసాయనంగా విడగొట్టి మళ్లీ దారం తీయొచ్చు. ఇటలీకి చెందిన ఆక్వాఫిల్ కంపెనీ స్లోవేనియాలో ఆ పని 2011 నుంచి చేస్తోంది. అడుగున ఏళ్లు నానిన వలకు ఆ భాగ్యం అరుదు. కేరళలో కొల్లం దగ్గర నీండకరలో 2017లో శుచిత్వ సాగరం పథకం కింద బోట్లవాళ్లు తమ వలల్లో పడిన ప్లాస్టిక్‌ను ఒడ్డుకు తెచ్చివ్వడం మొదలుపెట్టారు. దాన్ని తురిమి రోడ్ల తారులో కలిపారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ హార్బరులో ఉంటాయి, వలలన్నీ ఒడ్డున పరిచి ఉంటాయి, చెడ్డవాటిని ఏరేది కూడా అప్పుడే. ఆ రెండు నెలలు ప్రతి హార్బరులో పాత వల తూచి కొనే ఒక బల్ల వేస్తే, డైవరు తర్వాత దిగాల్సిన వలల్లో కొన్ని తగ్గుతాయి. ఓడల నుంచి సింథటిక్ వలలు పారేయకూడదన్న అంతర్జాతీయ నిబంధన 1988 డిసెంబర్ 31 నుంచి అమల్లో ఉంది. వలకు యజమాని గుర్తు వేయాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2018లో మార్గదర్శకాలిచ్చింది. తూకపు బల్ల మాత్రం కాగితం మీద ఉంటే సరిపోదు.

హొగెనక్కల్ సంగతి చెప్తానన్నాను. కావేరిలో పుట్టిల మీద తిరిగేవాళ్ల చేతిలో ఉన్నదీ నైలాను వలే. కింద మెట్టూరు జలాశయంలో రంగూన్ వల అని పిలిచేది మొప్పలకు పట్టే రకమే, అదీ మునిగేదే. నదిలో వల పోతే ఏమవుతుందో గంగలో చూశారు. 2020లో వెలువడిన ఒక అధ్యయనం నదీతీరాల్లో వదిలేసిన వేట సరంజామాను లెక్కపెట్టి, గంగా డాల్ఫిన్‌కూ, అంతరించే దశలో ఉన్న ఒక నది తాబేలుకూ వాటితో ముప్పుందని తేల్చింది. కావేరిలో డాల్ఫిన్లు లేవు. నీటికుక్కలు, మొసళ్లు ఉన్నాయి. వాటికోసం కూడా 2022 నవంబరులో కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో 686 చదరపు కిలోమీటర్ల కావేరి దక్షిణ అభయారణ్యం ప్రకటించారు. నీటికుక్క ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. వలలో చిక్కితే కొన్ని నిమిషాల్లోనే మునిగి చస్తుంది.

ఇక్కడ సముద్రంలో లేని ఒక వెసులుబాటుంది. మెట్టూరు నిండు మట్టం 120 అడుగులు. 1934లో ఆనకట్ట పూర్తయినప్పుడు మునిగిన పన్నవాడి దగ్గరి నంది విగ్రహం, చర్చి గోపురం నీళ్లు బాగా తగ్గిన ఏళ్లలో బయటపడతాయి, జనం బారులు తీరి చూస్తారు. ఆ రాళ్లకూ పాత చెట్ల మొదళ్లకూ పట్టేసిన వలలు కూడా అప్పుడే ఎండలో ఉంటాయి. సిలిండరు అక్కర్లేదు, గాలి సంచి అక్కర్లేదు. కొడవలి, గోనెసంచి పట్టుకుని నడిచి వెళ్లి, తర్వాతి వరద రాకముందే కోసుకురావచ్చు.